‘బాగానే ఉన్నావా?’ అని అడగకండి

ఆ రోజు నేను చేసిన పొరపాటు చూడ్డానికి చాలా చిన్నది. రగ్బీ మ్యాచ్. బంతి పక్క గీత దాటి బయటికి పోతే, వరసలుగా నిలబడ్డ రెండు జట్ల మధ్యకు దాన్ని మళ్లీ విసరడాన్ని లైనౌట్ అంటారు. విసిరేవాడు సాధారణంగా హుకర్. మా హుకర్ విసిరే ముందు సంకేతం అరిచాడు. బంతి అందుకోవడానికి ముందున్నవాణ్ణి గాల్లోకి ఎత్తాలా, వెనకున్నవాణ్ణి ఎత్తాలా అన్నది ఆ సంకేతాన్ని బట్టే తేలుతుంది. నేను వెనకున్నవాణ్ణి ఎత్తాను. బంతి ముందున్నవాడి కోసం వచ్చింది. అవతలి జట్టు హాయిగా అందుకుని వెళ్లిపోయింది. సంకేతం నేను సరిగ్గానే విన్నాను. కాకపోతే దానికి కిందటి సీజన్‌లో ఉన్న అర్థం తీసుకున్నాను. ఆ అర్థాలు మార్చి నాలుగు నెలలైంది. కూర్చుని మార్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అంతకు పది నిమిషాల ముందు ఒక ట్యాకిల్ చేశాను, అంటే బంతితో వస్తున్నవాణ్ణి పట్టి పడేశాను. తల పెట్టకూడని వైపు పెట్టాను. దూసుకొస్తున్నవాడి తుంటి ఎముక నా కణతకు తగిలింది. ఇవన్నీ వాళ్లూ వీళ్లూ చెప్తే తెలిసిన సంగతులు. కింద పడ్డానట. వెంటనే లేచానట. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర్నుంచి కోచ్ “బాగానే ఉన్నావా?” అని కేకేస్తే, నవ్వుతూ బొటనవేలు ఎత్తి చూపించానట. ఆ నవ్వూ గుర్తులేదు, ఆ వేలూ గుర్తులేదు.

లైనౌట్ చెడిపోగానే మా హుకర్ నా మొహంలోకి ఒక్కసారి చూసి, నేరుగా రెఫరీ దగ్గరికి వెళ్లాడు. “సార్, వీణ్ణి బయటికి పంపించండి. మనిషి ఇక్కడ లేడు” అన్నాడు. నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తర్వాత వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

రగ్బీలో కంకషన్ గురించి, అంటే దెబ్బకు మెదడు అదిరి దాని పనితీరు తప్పడం గురించి, నాకున్న గట్టి అభిప్రాయం ఆ వారంలో పుట్టింది కాదు, చాలా ఏళ్ల తర్వాత, పిల్లల జట్టుకు టచ్‌లైన్ దగ్గర నిలబడడం మొదలుపెట్టాక కుదురుకుంది. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ‘బాగానే ఉన్నావా’ అని అడగడం మానేయాలి. చీలమండ బెణికితే అడగండి, భుజం జారితే అడగండి. ఆ నొప్పిని తూచి చెప్పాల్సిన మెదడు పైన క్షేమంగానే ఉంటుంది. తలకు తగిలినప్పుడు దెబ్బతిన్నది తక్కెడే. తాగి ఉన్నవాణ్ణి ‘ఎక్కిందా?’ అని అడిగితే ఎలాంటి జవాబొస్తుందో మనందరికీ తెలుసు. అయినా ప్రతి వారం ప్రతి మైదానంలో అదే ప్రశ్న, అదే జవాబు, ఆట కొనసాగింపు.

కొందరు దీన్ని ఆటగాడి అబద్ధంగా చూస్తారు. అబద్ధాలూ ఉంటాయి, కాదనను. సీజన్ మొదట్లో పెట్టే జ్ఞాపకశక్తి పరీక్షలో కావాలని తక్కువ మార్కులు తెచ్చుకుని, రేపు దెబ్బ తగిలాక చేసే పరీక్ష దాంతో సరిపోలేలా చూసుకునే తెలివైనవాళ్లు ఉన్నారు. కానీ ఆ రోజు నేను అబద్ధమాడలేదు. నాకు నిజంగానే బాగున్నట్టు అనిపించింది. నాకు కోపం వచ్చిందే అందుకు.

లోపల జరిగేదేమిటో తెలిస్తే ఇందులో వింతేమీ కనిపించదు. మెదడు పుర్రెలో గట్టిగా బిగించి ఉండదు. తల ఒక్కసారిగా విసురుగా తిరిగినప్పుడో, ఆగినప్పుడో ఆ మెత్తటి కణజాలం సాగి, మెలిపడుతుంది. దానికి తల నేరుగా దేనికో గుద్దుకోవాలని కూడా లేదు. ఛాతీకి తగిలిన ట్యాకిల్ మెడను కొరడాలా ఝళిపిస్తే చాలు. నాడీకణాల్లోంచి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది. ఆ అదుపు తప్పిన లెక్కను సరిచేయడానికి కణాలు ఎడాపెడా శక్తిని ఖర్చుపెడతాయి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. అవసరం పెరిగి రాబడి పడిపోయిన ఈ స్థితి రోజుల తరబడి ఉంటుంది. స్కాన్‌కు అందేంతగా సాధారణంగా ఏదీ తెగదు, విరగదు. అందుకే సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించదు. స్కాన్ తీసేది రక్తస్రావం లేదని నిర్ధారించుకోవడానికి. ‘స్కాన్ మామూలుగా ఉంది’ అన్న మాటను ‘కంకషన్ లేదు’ అని చదువుకున్న తల్లిదండ్రులు నాకు ఎంతమంది తగిలారో లెక్కలేదు.

స్పృహ తప్పడం విషయంలోనూ ఇదే పొరపాటు. ‘పడిపోలేదు కదా, ఇంకేం’ అంటారు. కంకషన్లలో పదింట తొమ్మిదికి పైగా స్పృహ తప్పకుండానే జరుగుతాయి.

మరి అడక్కపోతే ఎలా తెలుస్తుంది? చూడాలి. మనిషి లేచే తీరు చూడాలి. రక్‌లోంచి, అంటే నేల మీది బంతి కోసం జరిగే తోపులాటలోంచి, లేచినవాడు తూలి ఒక అడుగు పక్కకు వేశాడా, చేత్తో నేలను వెతుక్కున్నాడా, తల పట్టుకున్నాడా. కింద పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకున్నాడా, దుంగలా పడ్డాడా. చేతులు గాల్లో బిగుసుకుపోయాయా. లేచాక తన జట్టు వైపు వెళ్లాడా, అవతలి గీత వైపు నిలబడ్డాడా. చూపు శూన్యంగా ఉందా. రోజూ నోరు మూయనివాడు మౌనంగా ఉన్నాడా, ఎప్పుడూ నెమ్మదస్తుడు రెఫరీ మీదికి వెళ్తున్నాడా. ఇందులో చివరిది టచ్‌లైన్ దగ్గరున్న డాక్టరుకన్నా పక్కన ఆడేవాడికే ముందు తెలుస్తుంది. నా సంకేతం తప్పిందని ఏ వైద్యుడికి తెలుస్తుంది? మా హుకర్‌కు తెలిసింది.

ప్రశ్నలు అడగకూడదనడం లేదు, పనికొచ్చేవి అడగమంటున్నాను. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద మాడక్స్ అనే పరిశోధకుడి బృందం చేసిన పని 1995లో వచ్చింది. ఇది ఏ మైదానం, ఇప్పుడు నడుస్తున్నది ఏ సగం, చివరి పాయింట్లు ఎవరివి, కిందటి వారం ఎవరితో ఆడాం, ఆ ఆట గెలిచామా, ఇలాంటి ప్రశ్నలకు ఇప్పటికీ ఆయన పేరే. కంకషన్ తగిలినవాళ్లు తమ పేరు, పుట్టిన తేదీ లాంటివి చక్కగా చెప్పేస్తారని, తడబడేది మొన్నటి సంగతుల దగ్గరేనని ఆ బృందం గమనించింది. పాత జ్ఞాపకం పదిలంగానే ఉంటుంది, కొత్తది జారిపోతుంది. కిందటి సీజన్ సంకేతం నా నాలుక చివరనే ఉండి, ఈ సీజన్‌ది మాయమైనట్టు. అయితే ఈ ప్రశ్నలకు ఒక షరతుంది. తప్పు చెప్తే బయటికి పంపాలి. అన్నీ సరిగ్గా చెప్పినంత మాత్రాన లోపలికి పంపకూడదు. తాళం ఒకవైపే తిరగాలి.

ఈ షరతు జనానికి ఎక్కకపోవడానికి టీవీ ఒక ముఖ్య కారణమని నా ఫిర్యాదు.

పెద్ద స్థాయి రగ్బీలో హెచ్‌ఐఏ అని ఒక ఏర్పాటు ఉంది, తలదెబ్బ పరీక్ష అనుకోండి. 2012లో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు దానికి ఇచ్చిన సమయం 5 నిమిషాలు. అయిదు నిమిషాల్లో ఇది తేలే విషయం కాదని నిరసన తెలుపుతూ ఐర్లాండ్‌కు చెందిన డాక్టర్ బారీ ఓ’డ్రిస్కల్ అంతర్జాతీయ సంఘం వైద్య బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఆయన భయం ఊరికే పోలేదు. 2013 జులైలో సిడ్నీలో బ్రిటన్, ఐర్లాండ్‌ల ఉమ్మడి జట్టు లయన్స్‌తో ఆస్ట్రేలియా మూడో టెస్టు. ఆట మొదలైన కాసేపటికే ఆస్ట్రేలియా ఫ్లాంకర్ జార్జ్ స్మిత్ తల, లయన్స్ హుకర్ రిచర్డ్ హిబ్బర్డ్ తల ఢీకొన్నాయి. స్మిత్ కాళ్లు తేలిపోతుంటే ఇద్దరు పట్టుకుని నడిపించారు. టీవీలో అందరూ చూశారు. కొన్ని నిమిషాల్లో అతను తిరిగి మైదానంలో ఉన్నాడు. పరీక్ష పాసయ్యాడు మరి! ఆ నడక చూశాక పరీక్ష దేనికి?

2015 ఫిబ్రవరిలో కార్డిఫ్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్. వేల్స్ వింగర్ జార్జ్ నార్త్‌కు మొదటి సగంలో తలకు ఒక దెబ్బ, పరీక్ష, వాపసు. రెండో సగంలో ఇంకో దెబ్బ. స్పృహ తప్పినట్టు టీవీ చూస్తున్నవాళ్లకు కనిపించింది, మైదానం పక్కనున్న వైద్యులకు కనిపించలేదు. ఆడుతూనే ఉన్నాడు. అతను మైదానంలో ఉండాల్సింది కాదని అంతర్జాతీయ సంఘం వరల్డ్ రగ్బీ తర్వాత చెప్పింది. (ఈసారి అవతలి తల సొంత జట్టువాడిదే, మళ్లీ హిబ్బర్డ్‌దే. హుకర్ల తలలు దేంతో చేస్తారో నాకు తెలీదు.)

అప్పటి నుంచి చాలా మారింది, అది ఒప్పుకోవాలి. 5 నిమిషాలు 10 అయ్యాయి, ఇప్పుడు 12. వైద్యుల ముందు వీడియో తెర ఉంటుంది. తూలినా, బిగుసుకున్నా, స్పృహ తప్పిందన్న అనుమానం ఉన్నా పరీక్షే లేదు, ఇక ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. మైదానంలో మొదటి పరీక్ష, అదే రోజు మూడు గంటల్లోపు రెండోది, రెండు రాత్రులు నిద్రపోయాక మూడోది. 2024 నుంచి మౌత్‌గార్డులోని సెన్సర్లు కూడా ఈ ఏర్పాటులో చేరాయి. తల ఎంత వేగంగా కదిలిందో, తిరిగిందో కొలిచి, గీత దాటితే వైద్యుడికి కబురు పంపుతాయి. 2025 మహిళల ప్రపంచ కప్‌లోనైతే గట్టి దెబ్బ తగలగానే ఎర్రగా వెలిగే మౌత్‌గార్డులు వచ్చాయి. సెన్సర్ కంకషన్‌ను పట్టుకోలేదు, దెబ్బను మాత్రమే కొలుస్తుంది. అయినా నాకు అది నచ్చింది. ఎవరినీ ఏమీ అడక్కుండా వెలుగుతుంది కాబట్టి.

నా ఫిర్యాదు ఆ ఏర్పాటు మీద కాదు, అది చూసి మన మైదానాలు నేర్చుకున్న పాఠం మీద. హెచ్‌ఐఏ ఉన్నది శిక్షణ పొందిన వైద్యులు, తెరలు, ముందే నమోదు చేసుకున్న పరీక్ష ఫలితాలు ఉన్న పెద్దల పోటీలకు మాత్రమే. మిగతా రగ్బీ అంతటికీ, అంటే బడికీ కాలేజీకీ క్లబ్బుకీ, నియమం రెండే మాటలు: గుర్తించు, తప్పించు. అనుమానం వస్తే చాలు. పరీక్ష లేదు, పన్నెండు నిమిషాలు లేవు, తిరిగి రావడం లేదు. న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో రెఫరీ దీనికి నీలం కార్డు చూపిస్తాడు. కానీ టీవీలో జనం చూసేది ఏమిటి? ఆటగాడు లోపలికి వెళ్లాడు, పన్నెండు నిమిషాలకు పరిగెత్తుతూ తిరిగొచ్చాడు, చప్పట్లు. దాన్ని చూసిన కోచ్ ఆదివారం నాడు తన పిల్లవాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, పన్నెండు నిమిషాల తర్వాత ‘ఇప్పుడెలా ఉంది?’ అంటాడు. మళ్లీ అదే ప్రశ్న, కాస్త ఆలస్యంగా.

దెబ్బ తగిలిన వెంటనే అన్నీ సరిగ్గా ఉండి, గంటల తర్వాత లక్షణాలు రావడం ఎంత సాధారణమో చెప్పడానికి క్రికెట్ నుంచి ఒక ఉదాహరణ. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో ఆర్చర్ బంతి మెడకు తగిలి పడిపోయిన స్టీవ్ స్మిత్, పరీక్షలు దాటి మళ్లీ బ్యాటింగ్‌కు దిగి 92 పరుగులు చేశాడు. మర్నాడు పొద్దున లేచేసరికి లక్షణాలు బయటపడ్డాయి. అతని బదులు లబుషేన్ దిగాడు. టెస్టు క్రికెట్‌లో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. పన్నెండు నిమిషాలు బెంచి మీద కూర్చోబెట్టి తేల్చేస్తానంటే ఎలా?

తేల్చడం అంత అవసరమా, ఆడిస్తే ఏమవుతుంది అన్నవాళ్లకు రెండు పేర్లు చెప్పాలి. ఉత్తర ఐర్లాండ్‌లో బెన్ రాబిన్సన్, వయసు 14. 2011 జనవరిలో బడి మ్యాచ్‌లో ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తలకు దెబ్బలు తగిలినా చివరిదాకా మైదానంలోనే ఉండి, అక్కడే కుప్పకూలి, ఆస్పత్రిలో చనిపోయాడు. మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండోది తగిలితే, ముఖ్యంగా చిన్న వయసులో, మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు. అరుదు. కానీ అది వచ్చాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. రెండో పేరు కెనడాలో రోవన్ స్ట్రింగర్, వయసు 17, తన బడి జట్టు కెప్టెన్. 2013 మేలో ఒక్క వారంలోనే తలకు వరసగా దెబ్బలు తగిలాక చనిపోయింది. తనకు కంకషన్ అయిందేమోనని ఆమెకే అనుమానం వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికింది. స్నేహితులకు మెసేజ్‌లు పెట్టింది. పెద్దవాళ్లెవరికీ చెప్పలేదు. 2018లో ఒంటారియో రాష్ట్రం చేసిన చట్టానికి ఆమె పేరే పెట్టారు.

ఆ మెసేజ్‌ల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లూ పిల్లలే. ‘తనకు తెలియదా, తను చెప్పుకోదా’ అనుకుని ఉంటారు. ఆ వయసులో మనమైనా అంతే కదా.

కిందటి సీజన్‌లో ఒక పిల్లవాణ్ణి తప్పించాను. ట్యాకిల్ తర్వాత లేచి, రెండు సెకన్లు ఎటూ కాని వైపు చూశాడు, అంతే. “అన్నా, నాకేం కాలేదన్నా” అని ఏడుపు. వాళ్ల నాన్న తాడు దాటి వచ్చాడు. “మీరేమైనా డాక్టరా?” అన్నాడు. కాదండీ, అందుకే తప్పించాను అన్నాను. డాక్టరైతే ఒకవేళ ఆడించే ధైర్యం ఉండేదేమో. మూడు వారాలు మ్యాచ్ ఆడకూడదని చెప్పాను. “మూడు వారాలా! వాడు మొన్నటిదాకా ఈ ఆట కోసం...” అంటూ మధ్యలో ఆపేశాడు. ఆయన బాధ నాకు తెలియనిది కాదు.

ఆయనతో చెప్పినదాంట్లో కాస్త పనిచేసింది ఒక లెక్క. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో కంకషన్ తగిలిన టీనేజ్ క్రీడాకారులను రెండు గుంపులుగా చూశారు. వెంటనే ఆట ఆపినవాళ్లు కోలుకోవడానికి సగటున 22 రోజులు, ఆడుతూ పోయినవాళ్లకు 44. ఆ మిగిలిన ఇరవై నిమిషాల ఆటకు వడ్డీ మూడు వారాలు. పెద్దల్లో ఇంకో లెక్క ఉంది. ఇంగ్లండ్ ప్రొఫెషనల్ ఆటగాళ్లలో కంకషన్ తర్వాత అదే సీజన్‌లో తిరిగి ఆడినవాళ్లకు ఏదో ఒక గాయం అయ్యే ముప్పు మిగతావాళ్లకన్నా 60 శాతం ఎక్కువ. మోకాలు, తొడ కండరం, ఏదైనా. తల ఇంకా పూర్తిగా తేరుకోకపోతే కాలు అర క్షణం ఆలస్యంగా పడుతుంది.

ఆ తండ్రితో ఇంటికి పంపేముందు చెప్పినవి ఇక్కడ కూడా చెప్తాను. మొదటి 24 గంటలు ఒంటరిగా వదలొద్దు. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, మెడ నొప్పి ఉన్నా, చేయో కాలో తిమ్మిరెక్కినా, ఒకటి రెండుగా కనిపించినా, లేపితే లేవకపోయినా ఆగకుండా ఆస్పత్రికే. మెడ మీద అనుమానం ఉంటే మైదానంలోనే కదపకూడదు, అది వేరే పాఠం. నిద్రపోనివ్వొచ్చు. రాత్రంతా మేల్కొలిపి ఉంచాలన్నది పాత నమ్మకం. పెద్దవాళ్లయితే ఆ 24 గంటలూ మద్యం ముట్టకూడదు, బండి నడపకూడదు.

ఇంకో పాత నమ్మకం చీకటి గది. నన్ను అప్పట్లో వారం రోజులు కర్టెన్లు వేసి పడుకోబెట్టారు. అదే పేజీ నాలుగుసార్లు చదవడం, గిన్నె శబ్దానికి కసురుకోవడం, పగలు నిద్ర, రాత్రి మెలకువ. కొంత దెబ్బ వల్ల, కొంత ఆ గది వల్ల అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, ఫోను, టీవీ చూడడం తగ్గించుకుని, ఆ తర్వాత లక్షణాలు మరీ పెరగనంత మేరకు నడక మొదలుపెడితేనే త్వరగా కోలుకుంటారని 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణుల బృందం కూడా చెప్పింది. ముందు చదువు, ఆ తర్వాతే ఆట. నడక, పరుగు, బంతితో కసరత్తు, ఒకరినొకరు తాకని సాధన, డాక్టరు సరేనన్నాక ట్యాకిల్ సాధన, చివరికి మ్యాచ్. మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం ఒక రోజు. బ్రిటన్‌లో 2023లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం క్లబ్బు, బడి స్థాయిలో 21 రోజుల లోపు మ్యాచ్ లేదు. చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఇది భయపెట్టడానికి రాస్తున్నది కాదు.

కానీ భయం ఉంది. 2003 ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టు హుకర్ స్టీవ్ థాంప్సన్‌కు 42 ఏళ్లకే, అంటే రావాల్సిన వయసుకు చాలా ముందే, మతిమరుపు వ్యాధి (డిమెన్షియా) బయటపడింది. ఆ కప్ గెలిచిన సంగతే గుర్తులేదన్నాడు. అతనూ, ఇంకా ఎందరో మాజీ ఆటగాళ్లూ ఆట సంఘాల మీద కోర్టుకెక్కారు. అక్కడ లెక్కకొచ్చేది ఒక పెద్ద కంకషన్ మాత్రమే కాదు, ఏళ్ల తరబడి సాధనలో పోగైన చిన్న చిన్న దెబ్బలు కూడా. అందుకే మధ్యవారం సాధనలో పూర్తి స్థాయి ట్యాకిల్స్ తగ్గించాలని, ట్యాకిల్ ఎత్తు దించాలని అన్నవాళ్ల వైపు నేను. తలదెబ్బల్లో ఎక్కువ భాగం ట్యాకిల్‌లోనే, అందులోనూ ఎక్కువ ట్యాకిల్ చేసేవాడికే తగులుతాయి. ఇంగ్లండ్ క్లబ్బు రగ్బీలో 2023లో ఎత్తును నడుము దాకా దించుతామని ప్రకటించి, గోల మొదలయ్యాక రొమ్ముటెముక కింది అంచు దగ్గర ఆగారు. ఆగినా మేలే. స్క్రమ్ క్యాప్ (తలకు పెట్టుకునే మెత్తటి టోపీ) పెడితే సరిపోదా అంటారు కొందరు. అది చెవులకీ చర్మానికీ కాపలా, లోపలి మెదడు కదలికను ఆపలేదు.

ఈ సీజన్ మొదటి సాధన రోజున పిల్లలను జంటలుగా నిలబెట్టాను. నీ పక్కవాడు సంకేతం మర్చిపోయినా, తప్పు వైపు నిలబడినా, కారణం లేకుండా కోప్పడినా, వాణ్ణి ఏమీ అడగొద్దు, వచ్చి నాకో రెఫరీకో చెప్పు అన్నాను. అందరూ తలలూపారు. వెనక వరసలోంచి ఒకడు చెయ్యెత్తాడు. కిందటి సీజన్‌లో నేను తప్పించినవాడే.

“అన్నా, చెప్తే వాడికి కోపం రాదా?”

“వస్తుంది” అన్నాను. “వారం రోజులు మాట్లాడడు.”